జమీలా వంతు

మా ఫిజియోథెరపీ విభాగానికి కంప్యూటరు వ్యవస్థ తయారుచేయడానికి వచ్చిన కుర్రాడి పేరు సాయికౌశిక్. చీరాల వాడు. మొదటిరోజు వచ్చి నా ఎదురుగా కూర్చుని, "సార్, మీ వర్క్ ఫ్లో చెప్పండి" అన్నాడు. నాకు ఒళ్ళు మండింది. జీవితమంతా మనుషుల కాళ్ళూ చేతులూ వంచడం తప్ప నాకు ఏ ఫ్లో తెలియదు. "పొద్దున్నే వస్తాను, సాయంత్రం పోతాను, మధ్యలో అరుస్తాను. రాసుకో" అన్నాను. వాడు నిజంగానే రాసుకున్నాడు.

నా పేరు రాధాకృష్ణమూర్తి. గుంటూరు నుంచి చిలకలూరిపేట వెళ్ళే దారిలో, కోల్డ్ స్టోరేజీల మధ్య ఉన్న ఒక ట్రస్టు ఆసుపత్రిలో ఈ విభాగానికి పెద్దని. మా దగ్గరికి కొత్తగా ఎవరొచ్చినా ముందు తుమ్ముతారు, తర్వాతే మాట్లాడతారు. గాలిలో అంత మిరపకారం. మా పేషెంట్లలో ఎక్కువమంది చుట్టుపక్కల షెడ్లలో మిరపకాయల తొడిమలు తీసే ఆడవాళ్ళు. పొద్దున్నుంచి పొద్దుగూకేదాకా పీట మీద కూర్చుని, మెడ వంచి, ఎర్రటి రాశిలోంచి రంగు పోయిన తాలుకాయ వేరుచేస్తూ, మంచికాయకి తొడిమ తుంచుతూ ఉంటారు. భుజాలు పట్టెయ్యకేం చేస్తాయి?

కౌశిక్ మంచివాడే, అది ఒప్పుకోవాలి. మా హాల్లో ఒక మూల ప్లాస్టిక్ కుర్చీ వేసుకుని వారాల తరబడి మమ్మల్ని చూశాడు. ఏ బల్ల ఖాళీగా ఉంటోంది, ఏ యంత్రం దగ్గర జనం మూగుతున్నారు, ఎవరు ఎంతసేపు ఎదురుచూస్తున్నారు, అన్నీ గమనించాడు. మాకున్న అసలు జబ్బు వాడు ఇట్టే పట్టుకున్నాడు. భుజం నొప్పని వచ్చినవాళ్ళకి మా దగ్గర వెంటనే బల్ల దొరకదు, పేరు చెప్పి వారాలు ఆగాలి. తీరా వంతు వచ్చాక సగం మంది మధ్యలో మానేస్తారు. బయట జనం బారులు తీరి ఉంటే లోపల బల్లలు ఖాళీ.

దానికి వాడు పెట్టిన నియమం చాలా తేలిక. రేపు మీ వంతని ముందురోజు సాయంత్రం ఫోనుకి తెలుగులో సందేశం వెళ్తుంది. వరసగా రెండుసార్లు రాకపోతే ఆ స్థానం తర్వాతివాళ్ళకి ఇచ్చేస్తారు. మా ఛైర్మన్‌గారు దానికి తెగ మురిసిపోయారు.

ఇంకొక మార్పు దగ్గర మాత్రం నేను గట్టిగా అడ్డుపడ్డాను. అదివరకు ఎవరి పేషెంట్లు వాళ్ళకే. ఇప్పుడు ఆ పూట ఎవరి చెయ్యి ఖాళీగా ఉంటే వాళ్ళు చూస్తారట. "పేషెంటు గురించి మొత్తం ట్యాబ్‌లో ఉంటుంది సార్. ఎవరు చూసినా ఒకటే" అన్నాడు కౌశిక్.

"ఒకటి కాదయ్యా బాబూ" అని మీటింగులో నెత్తీ నోరూ బాదుకున్నాను. ఎందుకు కాదో చెప్పమంటే మాటలు కుదర్లేదు. "మూర్తిగారూ, మీరు మరీ పాతకాలం మనిషి" అని ఛైర్మన్‌గారు నవ్వారు. అందరూ నవ్వారు. నేనూ ఊరుకున్నాను.

ఊరుకోవడానికి కారణం ఉంది. నాక్కావలసింది ఒక్కటి వాడు అప్పటికే ఇస్తానన్నాడు. భుజం నొప్పని వచ్చిన ప్రతివాళ్ళకీ జబ్బు భుజంలోనే ఉండదు. మెడలో నరం నలిగినా నొప్పి భుజంలోనే తెలుస్తుంది. భుజం నొప్పే అయితే మా కాపడాలకీ వ్యాయామాలకీ ఎంతో కొంత లొంగుతుంది. లొంగలేదంటే ఆలస్యం చెయ్యకుండా మెడ చూడాలి. ఆలస్యమైతే చేతిలో కండ కరిగిపోతుంది, కరిగిన కండ మళ్ళీ రమ్మంటే రాదు. అందుకని వచ్చిన ప్రతిసారీ చెయ్యి ఎంత పైకి లేస్తోందో కొలిచి ట్యాబ్‌లో ఎక్కించాలి. కొన్నాళ్ళు చూసినా ఆ కొలత పెరగకపోతే నా తెర మీద ఆ పేరు పక్కన ఎర్రచుక్క వెలగాలి. నేను పేషెంటుని స్వయంగా చూసేదాకా అది ఆరకూడదు. కౌశిక్ దాన్ని ముచ్చటగా తయారుచేశాడు. ఆ చుక్క గురించి కనపడ్డవాళ్ళందరికీ చెప్పుకుని తిరిగాను. మా ఇంట్లో వాళ్ళకైతే విని విని విసుగొచ్చింది.

జమీలా మా దగ్గరికి వచ్చింది మిరప కోతలు ఊపందుకున్నప్పుడు. నలభై ఏళ్ళుంటాయి. కుడి భుజం నొప్పి. చెయ్యి భుజం ఎత్తుకి వచ్చి అక్కడ ఆగిపోతోంది. భర్త పోయాడు, కూతురు నర్సింగు చదువుతోంది, ఇల్లంతా ఆ కుడిచేతి మీదే నడుస్తోంది.

"మా ముఠాలో నా అంత గబగబా తొడిమ తీసేవాళ్ళు లేరు సార్" అంది, నొప్పిలో కూడా గొప్ప పోకుండా.

"చిటికెనవేలు తిమ్మిరి పడుతోందా?" అని అడిగాను.

"అప్పుడప్పుడు పడుద్ది సార్. మిరపకాయల మంటేమో అనుకున్నా."

నాకు మనసులో ఏదో గుచ్చుకుంది. మెడ వంచి చూశాను, పిడికిలి పట్టించి చూశాను. పట్టు బాగానే ఉంది. ఇప్పటికిప్పుడు స్కానింగు చెయ్యాల్సిందే అని పట్టుబట్టేంత ఆనవాలు దొరకలేదు. కొన్నాళ్ళు చూద్దాం అనుకున్నాను. మెడ మీద అనుమానం ఉందని ట్యాబ్‌లో ఎక్కించి, "రోజు విడిచి రోజు రామ్మా. తగ్గకపోతే నేనే పిలుస్తాను. నేను మర్చిపోయినా ఇది మర్చిపోదు" అని కంప్యూటరు చూపించాను. ఆవిడ దానివంక భక్తిగా చూసింది.

ఇక సీజను మా మీద విరుచుకుపడింది. ఆ రోజుల్లో మా హాలు బస్టాండులా ఉంటుంది. పొద్దున్నే రాగానే ముందు ఎర్రచుక్కలు చూసేవాణ్ణి. ఒకాయనకి అలాగే మెడలో జబ్బు బయటపడింది, సమయానికి పట్టుకున్నాం. ఆ రోజు కౌశిక్‌ని పిలిచి భుజం తట్టాను. జమీలా పేరు ఎప్పుడూ ఆ చుక్కల్లో కనపడలేదు. ఒకసారి గుర్తొచ్చి ఆవిడ వివరాలు తెరిచాను. కొలత మొదట్లో కదల్లేదు, తర్వాత చక్కగా పెరుగుతోంది. మధ్యలో ఒకసారి కాస్త దిగి మళ్ళీ ఎక్కింది. అమ్మయ్య, భుజమే అనుకున్నాను. గుండెల మీద బరువు దిగినట్టయింది. ఆ తర్వాత కొద్దిరోజులకే చెయ్యి చెవిదాకా లేస్తోందని, పూర్తిగా కోలుకుందని ఆవిడ పేరు మూసేశారు.

సీజను చివర్లో ఛైర్మన్‌గారు ట్రస్టు పెద్దలందర్నీ తీసుకొచ్చారు. ఈ వ్యవస్థని వాళ్ళ మిగతా ఆసుపత్రుల్లో కూడా పెట్టాలని ఆలోచన. చూపించడానికి కౌశిక్ ఏరికోరి జమీలాని ఎంచుకున్నాడు. అంత అందంగా పెరిగిన గీత ఇంకెవరిదీ లేదట. "పేషెంటుని కూడా పిలిపిస్తే బాగుంటుంది సార్" అంటే నేనే సరేనన్నాను.

జమీలా ఉతికిన చీర కట్టుకుని వచ్చింది. వెంట ఆవిడ తోడికోడలు సైదా వచ్చింది. సైదా లోపలికి రానంటే రానని గుమ్మం దగ్గరే నిలబడిపోయింది. జమీలా నన్ను చూసి నవ్వింది. కుడిచెయ్యి కొంగు కింద ఉంది. పెద్దల ముందు బిడియపడుతోందనుకున్నాను.

కౌశిక్ గోడ మీద గీత చూపించాడు. ఎంత దగ్గర మొదలైంది, ఎక్కడిదాకా వచ్చింది, అంతా ఇంగ్లీషులో ఊదరగొట్టాడు. పెద్దలు తలలూపారు. "ఇప్పుడు ఆవిడే చూపిస్తారు. అమ్మా, కుడిచెయ్యి పైకెత్తండి" అన్నాడు.

జమీలా చెయ్యి ఎత్తింది. రొమ్ము దాకా వచ్చి ఆగిపోయింది.

"ఇంకొంచెం అమ్మా, మొహమాటం లేదు" అన్నాడు కౌశిక్. ఆవిడ పళ్ళు బిగించింది. ఎడమచేత్తో కుడిమోచెయ్యి పట్టుకుని పైకి తోసింది. భుజం ఎత్తుకి కూడా రాలేదు. మొదటిరోజు నేను చూసినంత కూడా రాలేదు. వెనక ఎవరో పెద్దాయన నవ్వబోయి ఆగిపోయారు. కౌశిక్ తెరవంకా ఆవిడవంకా మార్చి మార్చి చూస్తున్నాడు.

నేను కుర్చీలోంచి ఎలా లేచానో తెలియదు. వెళ్ళి ఆ చెయ్యి నా చేతిలోకి తీసుకున్నాను. బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య కండ ఉండాలి. అక్కడ గుంట ఉంది. అరచెయ్యి వడిలిపోయిన వంకాయలా ఉంది. చివరి రెండు వేళ్ళు ముడుచుకుని ఉన్నాయి, చాపమంటే చాపలేకపోతోంది. నా జేబురుమాలు కొస ఆవిడ వేళ్ళ మధ్య పెట్టి "గట్టిగా పట్టుకో" అని లాగాను. లాగే పనే లేకపోయింది, దానంతటదే జారిపోయింది.

ఇన్నేళ్ళలో ఎన్నో చేతులు చూశాను, కానీ కోలుకుందని నేనే నమ్మి పంపేసిన చెయ్యి ఇలా ఉండటం ఎప్పుడూ చూడలేదు.

"ఎన్నాళ్ళ నుంచమ్మా ఇట్లా?"

"నెలపైనే అయింది సార్. ఎడంచేత్తో తీస్తన్నా తొడిమలు. అలవాటవుతా ఉంది."

"మరి రోజు విడిచి రోజు వచ్చి ఇక్కడేం చేశావు?" అని నిలదీశాను.

అప్పుడు మా జూనియర్ వేదశ్రీ గోడ పక్కనుంచి రెండడుగులు ముందుకొచ్చింది. దాని మొహం పాలిపోయి ఉంది.

"సార్, నేను చూసిన జమీలా ఈవిడ కాదు" అంది.

కౌశిక్ "అంటే?" అన్నాడు. వేదశ్రీ గుమ్మం వైపు చూసింది. అక్కడ సైదా కొంగు నోటికి అడ్డం పెట్టుకుని ఉంది.

"నేనే వచ్చా సార్" అంది సైదా. "మొదట్లో మా అక్కే వచ్చింది. తర్వాత నేనొచ్చా. మా ముఠాలో వెంకాయమ్మత్త కూడా వచ్చింది. ఫాతిమా వచ్చింది. ఎవరికి వీలుంటే వాళ్ళం వచ్చాం."

"జమీలా అని పిలిస్తే మీరు ఎట్లా లేచారు?" అన్నారు ఛైర్మన్‌గారు, కోపంగా.

"అక్క వంతు కదండీ, అందుకని లేచాం" అంది సైదా. ఇందులో అడగడానికి ఏముందన్నట్టు చూసింది. "ఫోనుకి కబురొచ్చింది, రెండు మాట్లు రాకపోతే ఇంకోళ్ళకి ఇచ్చేస్తామని. మా షెడ్డులోనూ అంతే గదండీ. ఒకళ్ళు రాకపోతే ఆ పీట ఖాళీగా ఉంచకూడదు. రెండురోజులు ఖాళీగా ఉంటే మేస్త్రీ వేరే ముఠా మనిషిని కూర్చోబెడతాడు, ఇంక ఆ చోటు మళ్ళీ దొరకదు. అందుకని ఇంట్లోంచో ముఠాలోంచో ఎవరో ఒకరం పోయి కూర్చుంటాం. ఇక్కడా అదే రూలు పెట్టారు గదా అనుకున్నాం."

నేను కౌశిక్‌ని చూశాను. వాడు నన్ను చూశాడు. వాడు ఎంతో తెలివిగా కనిపెట్టాననుకున్న నియమం ఆ షెడ్లలో ఎప్పటినుంచో ఉంది. దానికి ఏం చెయ్యాలో ఆ ఆడవాళ్ళకి చిన్నప్పటినుంచీ తెలుసు. అదే చేశారు.

"ఎవరూ అబద్ధం ఆడలేదు సార్" అంది సైదా, ఇప్పుడు గొంతులో ఏడుపుతోబాటు కోపం కూడా కలిసింది. "నా భుజం కూడా నొప్పే. వెంకాయమ్మత్తకి ఇంకా ఎక్కువ నొప్పి. వంతు కోసం పేరు చెప్తే వర్షాలు పడేదాకా ఆగాలన్నారు. ఇక్కడికొస్తే రోజుకొక అమ్మాయి. పడుకో అంటే పడుకున్నాం, చెయ్యెత్తమంటే ఎత్తాం. ఒక్కళ్ళన్నా మా మొహం చూసి మొన్న వచ్చింది నువ్వేనా అని అడిగితే చెప్పేవాళ్ళం గదా?"

వేదశ్రీ వెక్కి వెక్కి ఏడ్చింది. "నేను ట్యాబ్ చూసుకుంటూ ఉన్నా సార్. కిందటిసారి కొలత ఎంతుందో చూసి, ఇప్పటిది వేశా. పెరిగిందని సంతోషపడ్డా" అంది. దాన్ని తిట్టడానికి నాకు నోరు రాలేదు. అన్నీ నొప్పున్న భుజాలే. ఒకరిది కాస్త ఎక్కువ, ఒకరిది కాస్త తక్కువ. ఒకరి తర్వాత ఒకరిది కొలుస్తూ పోతే గీత పైకి పోయింది. నా ఎర్రచుక్క వెలగవలసిన ఆ ఒక్క భుజం మాత్రం షెడ్డులో ఉండిపోయింది.

పెద్దలు ఒక్కొక్కరే లేచి వెళ్ళిపోయారు. నేను జమీలాని స్కానింగుకి తీసుకెళ్ళాను. సాయంత్రానికి న్యూరోసర్జన్ నన్ను పిలిచి తెర మీద చూపించారు. మెడలో డిస్కు జారి నరం మీద కూర్చుని ఉంది. చాలా రోజులుగా నొక్కుతోంది. "రెండు నెలల ముందు చూపించి ఉంటే చెయ్యి దక్కేదండీ. ఇప్పుడు ఆపరేషన్ చేస్తే ఇంకా పాడవకుండా ఆపుతాం, అంతే" అన్నారాయన. ఆయన మామూలుగానే అన్నారు. రెండు నెలల ముందు నేను చూశాను. చూసి, మనసులో గుచ్చుకున్నా, కంప్యూటరుకి అప్పగించాను.

బయటికొస్తే వరండాలో బెంచీ మీద జమీలా కూర్చుని ఉంది. సైదాని ఇంటికి పంపేసిందట, పిల్లలకి అన్నం పెట్టాలని. నేను ఆవిడ పక్కన కూర్చున్నాను. నాకు ఒక్క విషయం అర్థం కావడం లేదు.

"ఎవరికి వీలుంటే వాళ్ళం వచ్చాం అంది మీ తోడికోడలు. నీకెందుకు వీలు కాలేదమ్మా? నొప్పి నీదే కదా."

"వీలవక కాదు సార్." ఆవిడ కొంగు సర్దుకుంది. "మొదట్లో కొన్నిసార్లు వచ్చా గదా. నాకేం తగ్గలా. ఒకరోజు పని ఉండి సైదాని పంపితే దానికి ఆ రాత్రి నిద్ర పట్టింది. వెంకాయమ్మత్తకి కూడా నెమ్మదిచ్చింది. తగ్గని దాన్ని నేను పోయి కూర్చుంటే ఏం లాభం సార్? తగ్గేవాళ్ళు పోతే వాళ్ళకన్నా తగ్గిద్ది గదా అని వాళ్ళనే పొమ్మన్నా."

తగ్గకపోతే నాకు తెలియాలని నేను చుక్క పెట్టించాను. తగ్గలేదు కాబట్టే ఆవిడ రావడం మానేసింది. కౌశిక్ గానీ నేను గానీ మీటింగులో నవ్విన ఆ పెద్దమనుషులు గానీ ఎవరం ఊహించలేకపోయిన సంగతి ఇది. ఇంత మంచితనం కూడా మనిషి చెయ్యి తీసేస్తుందా అని నాకు భయం వేసింది.

మర్నాడు కౌశిక్ కళ్ళు ఉబ్బి వచ్చాడు. "ఫొటో పెడదాం సార్. గుమ్మం దగ్గర కెమెరా మొహం గుర్తుపట్టాకే బల్ల ఇస్తుంది. వారంలో చేసేస్తా" అన్నాడు.

"మొహం చూడ్డానికి ఇంతమందిమి ఉన్నాం కదయ్యా ఇక్కడ" అని అరిచాను. వాడు తలవంచుకున్నాడు. వాడిమీద అరిచి లాభం లేదని నాకూ తెలుసు. చివరికి ఎవరి పేషెంట్లు వాళ్ళకే అన్న పాత పద్ధతి తిరిగి పెట్టించాను. రెండుసార్లు రాకపోతే పేరు కొట్టెయ్యకుండా, మనిషి ఫోను చేసి ఎందుకు రాలేదో కనుక్కునేలా మార్పించాను. సైదాకీ వెంకాయమ్మకీ ఫాతిమాకీ వాళ్ళ పేర్లతోనే వంతులిచ్చాం. ఛైర్మన్‌గారు ఈసారి నన్ను పాతకాలం మనిషి అనలేదు. అననందుకు నాకేమీ సంతోషం కలగలేదు.

ఆపరేషనయ్యి కుట్లు మానాక జమీలాని నా పేషెంటుగా నేనే తీసుకున్నాను. భుజం నొప్పి పోయింది. చెయ్యి మునుపటికంటే పైకి లేస్తోంది. అరచేతిలో గుంట మాత్రం అలాగే ఉంది. మెత్తటి బంతి ఒకటి ఆవిడ చేతిలో పెట్టి నొక్కమంటాను. వేళ్ళు దాని చుట్టూ వాలతాయి, నొక్కవు. ఒకరోజు చాలాసేపు ప్రయత్నించి, బంతి పక్కన పెట్టి నావంక చూసింది.

"ఈ వేళ్ళు మళ్ళీ మామూలుగా అయితయ్యా సార్? ఉన్నదున్నట్టు చెప్పండి."

అబద్ధం చెప్పాలనిపించింది. కానీ ఈవిడకి చెప్పకూడదనిపించింది. "పూర్తిగా కావమ్మా. ఇంకా పాడవకుండా చూసుకుంటాం. కొంచెం బలం రావచ్చు. తొడిమ తీసే పట్టు రావడం కష్టం" అన్నాను.

ఆవిడ ఏడవలేదు. ఆ చేతిని ఎడమచేత్తో పట్టుకుని ఒళ్ళో పెట్టుకుంది. కాసేపు గుమ్మం బయట బారులు తీరి కూర్చున్న ఆడవాళ్ళ వైపు చూసింది. తర్వాత చాలా మామూలుగా అంది.

"అయితే రేపట్నుంచి ఈ టైముకి వాళ్ళలో ఎవరినన్నా పిలవండి సార్. నాకోసం పాడు చెయ్యడమెందుకు?"

నేను అరిచాను. హాలంతా ఇటు తిరిగి చూసేలా అరిచాను. "వద్దు! నువ్వే రావాలి. ఎవర్నీ పంపకూడదు. తగ్గినా తగ్గకపోయినా నువ్వే వచ్చి నా ముందు కూర్చోవాలి, అర్థమైందా?"

జమీలా అదిరిపడి నావంక చూసింది. ఆపరేషన్ అన్నప్పుడు గానీ, వేళ్ళు రావని చెప్పినప్పుడు గానీ ఆ మొహంలో నాకు అంత ఆశ్చర్యం కనపడలేదు.

"తగ్గకపోయినా రావచ్చా సార్?" అంది.

పక్కనున్న బంతి తీసి మళ్ళీ ఆవిడ చేతిలో పెట్టాను.